పలుపు తెగినా కష్టమే, ఊడకపోయినా కష్టమే

ఆ కంది కట్టె ఇటు తొయ్యరా చిన్నా, మంట మందగిస్తోంది. బుజ్జీ, శాలువా చెవుల మీదికి లాక్కో. ఏమిటీ, దెయ్యం కథ కావాలా? దెయ్యాలన్నీ మీ తాతయ్య ఖాతాలోవి. నా దగ్గరున్నవి ల్యాబు ముచ్చట్లే. వినేవాళ్ళు వినండి, నిద్రొచ్చేవాళ్ళు లోపలికెళ్ళి పడుకోండి.

నేను హైదరాబాదులో ల్యాబు ఉద్యోగంలో చేరేనాటికి మీ అమ్మ ఇంకా పుట్టలేదు. పేరుకు టెక్నికల్ అసిస్టెంటును. పనేమో గాజు పలకలు తోమడం మొదలుకొని చీకటి గదిలో ఫిల్ములు కడగడం దాకా అన్నీ. మా సారు ప్రొటీన్ల మనిషి. పక్క గది మేడమ్ కొవ్వుల మనిషి. టీ దగ్గర ఇద్దరూ బాగానే కబుర్లాడుకునేవారు గానీ ఒకరి పని ఒకరికి పట్టేది కాదు. పాఠ్యపుస్తకాలూ అలాగే ఉండేవి. ప్రొటీన్లకో అధ్యాయం, కొవ్వులకో అధ్యాయం. పని చేసేది ప్రొటీను, నిల్వ ఉండేది కొవ్వు, అక్కడితో సరి. మహా అయితే కణం చుట్టూ ఉండే పొర కొవ్వుతో తయారైందని చూపే బొమ్మ ఒకటి ఉండేది.

అప్పట్లో విదేశీ జర్నళ్ళు ఓడల్లో వచ్చేవి. అమెరికాలో అచ్చయిన సంచిక మా లైబ్రరీ బల్ల మీదికి చేరేసరికి నెలలు గడిచేవి. వ్యాసం నచ్చితే రాసినాయనకే ఓ కార్డు రాసేవాళ్ళం, దయచేసి ఒక ప్రతి పంపండి అని. పాపం, వాళ్ళూ తమ ఖర్చుతోనే పంపేవారు. అలా చేతికొచ్చిన వ్యాసాల్లో ఒకటి 1979 నాటిది. సెయింట్ లూయిస్‌లో ష్మిట్, ష్లెసింగర్ అనేవాళ్ళు దోమల వల్ల వచ్చే సిండ్‌బిస్ వైరస్ మీద పనిచేస్తూ, దాని ప్రొటీన్లకు కొవ్వు ఆమ్లం తగులుకుని ఉందని తేల్చారు. పైపైన జిడ్డుగా కాదు, గట్టి రసాయన బంధంతో. మా సారు ఆ వ్యాసం చదివి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "మనమూ చూద్దామమ్మా" అన్నారు. నా తిప్పలు అక్కడ మొదలయ్యాయి.

ఆ పని ఎలా ఉండేదో చెబుతాను, ఇప్పుడు మీకెవరూ చెప్పరు. పామిటిక్ ఆమ్లమని ఒక కొవ్వు ఉంది, పామాయిల్లో దండిగా ఉంటుంది, మన నెయ్యిలోనూ ఉంటుంది. దానికి ట్రిటియం అనే రేడియోధార్మిక హైడ్రోజన్ చేర్చి ఒక చిన్న సీసాలో పంపేవారు. గాజు పళ్ళేల్లో పెరిగే కణాలకు దాన్ని అందిస్తాం. కణాలు దాన్ని వాడుకుంటాయి. ఆ తరవాత కణాలను పగలగొట్టి, అందులోని ప్రొటీన్లను క్లోరోఫాం, మిథనాల్ మిశ్రమంతో కడగాలి. విడిగా ఉన్న కొవ్వంతా ఆ కడుగుడుకే పోవాలి. అంత కడిగాక, ఘాటైన డిటర్జెంటు వేసి మరిగించాక కూడా ప్రొటీనుతోనే మిగిలిందంటే ఆ కొవ్వు దానికి నిజంగా అతికి ఉన్నట్టు లెక్క.

తరవాత ప్రొటీన్లను జెల్‌లో పరిగెత్తిస్తాం. చిన్నవి ముందుకు పోతాయి, పెద్దవి వెనకబడతాయి. ఆ జెల్‌ను ఆరబెట్టి, ఎక్స్‌రే ఫిల్ము ఆనించి, కాసెట్‌లో బిగించి, మైనస్ 70 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టి తలుపు వేస్తాం. ట్రిటియం కిరణాలు మరీ బలహీనం, కాగితం మందం కూడా దాటలేవు. అందుకని జెల్‌ను ముందే వెలుగు పుట్టించే రసాయనంలో నానబెట్టాలి. అయినా ఫిల్ము మీద గీత పడాలంటే వారాలు పట్టేది. మధ్యలో కరెంటు పోయిందంటే ఫ్రీజర్ దగ్గరికి పరుగే. చివరికి ఓ రోజు చీకటి గదిలో, ఎర్ర దీపం కింద, వెనిగర్ వాసన ముక్కు పగలగొడుతుంటే, ట్రేలోని ద్రావణంలో ఫిల్మును అటూ ఇటూ ఆడిస్తూ నిలబడేదాన్ని. ముందు ఏమీ కనిపించేది కాదు. ఆ పైన సన్నగా బూడిద రంగు గీత, దాని కింద ఇంకోటి తేలేవి. ఒక్కో గీత ఒక్కో ప్రొటీను. ప్రతి గీతా ఒకటే మాట చెప్పేది, నా ఒంటికి కొవ్వు ఉందని.

ఎందుకుంది? అసలు కథంతా ఈ ప్రశ్నదే.

కణంలో ఎక్కువ భాగం నీళ్ళే. ప్రొటీన్లు ఆ నీళ్ళలో తిరుగుతుంటాయి. కణం చుట్టూ ఉన్న పొర మాత్రం కొవ్వుది, మందం 5 నానోమీటర్లు, అంటే మిల్లీమీటరును 2 లక్షల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క. బయటి నుంచి వచ్చే కబురేదైనా ఆ పొర దగ్గరే అందుతుంది. ఆ కబురు అందుకోవాల్సిన ప్రొటీను నడుమ ఎక్కడో తిరుగుతుంటే ఏం లాభం? దాన్ని పొర దగ్గర కట్టెయ్యాలి. మన కొట్టంలో ఎద్దును ఎలా కడతామో చూశారుగా. మెడకు పలుపు, పలుపు కొస గుంజకు. ఎంత బలమున్న ఎద్దైనా గుంజ చుట్టూరానే తిరుగుతుంది. ప్రొటీనుకు ఆ పలుపే కొవ్వు. కొవ్వు నీళ్ళను ఓర్వదు కాబట్టి పోయి కొవ్వు పొరలో దూరుతుంది, ప్రొటీనును తనతో లాక్కెళ్ళి అక్కడ నిలబెడుతుంది.

పలుపుల్లోనూ రకాలున్నాయి. మిరిస్టిక్ ఆమ్లం 14 కార్బన్లది, జాజికాయ కొవ్వులో దండిగా ఉంటుంది. ప్రొటీను మొదట్లోనే ఉండే గ్లైసీన్ అనే అమైనో ఆమ్లానికి తగులుకుంటుంది, ఒకసారి పడితే సాధారణంగా ఊడదు. పామిటిక్‌కు 16 కార్బన్లు, అది సిస్టీన్ అనే ఇంకో అమైనో ఆమ్లానికి తగులుకుంటుంది, అవసరాన్ని బట్టి కట్టడానికీ విప్పడానికీ వేరువేరు ఎంజైములున్నాయి. ఫార్నెసిల్‌కు 15, జెరనైల్‌జెరనైల్‌కు 20. ఈ రెండూ కొలెస్ట్రాల్ తయారయ్యే దారిలోంచే పుట్టుకొస్తాయి, ప్రొటీను తోక కొసన ఉన్న సిస్టీన్‌కు తగులుకుంటాయి. ఇవి గాక చక్కెర గొలుసుతో కలిసిన కొవ్వు ఇంకోటుంది, జీపీఐ అంటారు. అది ప్రొటీనును కణం బయటి వైపున కడుతుంది.

ఇంత చిన్న తోకకు ఇంత గొడవేమిటని మీకనిపించవచ్చు. మాకూ అలాగే ఉండేది, కోళ్ళ కేన్సర్ సంగతి చదివేదాకా. 1911లో న్యూయార్కులో పేటన్ రౌస్ అనే ఆయన కోళ్ళ కణితిని నూరి, వడగట్టి, ఆ ద్రవాన్ని వేరే కోడికి ఎక్కిస్తే దానికీ కణితి లేచింది. వైరస్ వల్ల కేన్సర్ వస్తుందంటే అప్పట్లో ఎవరూ నమ్మలేదు. ఆయనకు నోబెల్ ఎప్పుడిచ్చారనుకున్నారు? 1966లో, ఎనభయ్యేళ్ళు దాటాక. ఆ వైరస్‌లో చెడ్డపని చేసే ప్రొటీను పేరు సార్క్. దాని మొదట్లో మిరిస్టిక్ పలుపు ఉంటుంది. 1985లో అమెరికా శాస్త్రవేత్తలు పలుపు పడే చోటున్న గ్లైసీన్‌ను మార్చేశారు. ఎంజైముగా సార్క్ చక్కగానే పనిచేస్తోంది, బలం ఏమీ తగ్గలేదు. కానీ పొర దగ్గరికి పోలేకపోయింది, కణాన్ని కేన్సర్ కణంగా మార్చలేకపోయింది. ఆ వ్యాసం చదివిన రోజు మా సారు ప్రొటీన్ల గది నుంచి కొవ్వుల గదికి తనే నడిచివెళ్ళారు.

అంతకంటే పెద్ద కథ రాస్‌ది. 1964లో హార్వీ, 1967లో కిర్‌స్టెన్ ఎలుకల వైరస్‌లలో దీని ఆనవాలు పట్టారు. 1982లో మనిషి మూత్రాశయం కేన్సర్‌లో అదే జన్యువు దొరికింది, ఒకే ఒక్క అక్షరం తేడాతో. పన్నెండో స్థానంలో గ్లైసీన్ పోయి వేలీన్ వచ్చింది, అంతే. కణానికి పెరుగు, రెండుగా చీలు అని కబురందించేది రాస్. మామూలుగా కబురందించి ఊరుకుంటుంది. ఆ అక్షరం తప్పినప్పుడు ఊరుకోదు. మనుషులకొచ్చే కేన్సర్లలో సుమారు అయిదింట ఒక వంతులో ఏదో ఒక రాస్ చెడి ఉంటుంది. క్లోమం కేన్సర్‌లోనైతే నూటికి తొంభైలో.

ఈ రాస్‌ను కట్టే పలుపేది? రాస్‌లలో ఒకటైన హెచ్-రాస్ గొలుసులో 189 అమైనో ఆమ్లాలుంటాయి. 186వది సిస్టీన్. 1984లో దాని స్థానంలో సెరీన్ పెట్టి చూశారు. అంటే ఒక్క సల్ఫర్ పరమాణువు పోయి ఒక్క ఆక్సిజన్ వచ్చినట్టు. రాస్ పొర దగ్గరికి పోనేలేదు, కేన్సర్ పుట్టించనూ లేదు. అయితే అక్కడ పడే కొవ్వేమిటో చప్పున తేలలేదు. అందరూ పామిటిక్ అనే అనుకున్నారు.

దానికి జవాబు రెండు వైపుల నుంచి వచ్చింది, రెండూ కేన్సర్‌తో సంబంధం లేనివే. ఒకటి జపాన్‌ది. ఒక జాతి ఈస్టు జత కట్టేందుకు వదిలే చిన్న ప్రొటీను ముక్కకు ఫార్నెసిల్ తగులుకుని ఉందని 1978లోనే అక్కడివాళ్ళు కనిపెట్టారు. శిలీంధ్రాల పెళ్ళి గొడవ మనకెందుకులే అని వైద్యులెవరూ అటు చూడలేదు. రెండోది కొలెస్ట్రాల్ మందు వైపు నుంచి. అదీ జపాన్ కథే. అకిరా ఎండో అనే ఆయన ఆరు వేలకు పైగా సూక్ష్మజీవులను వడపోసి, 1973లో ఒక బూజు నుంచి మొదటి స్టాటిన్‌ను పట్టాడు. అది కొలెస్ట్రాల్ తయారీని మొదట్లోనే, మెవలోనేట్ అనే ముడిసరుకు పుట్టకముందే ఆపేస్తుంది. మీ తాతయ్య రాత్రిపూట వేసుకునే బిళ్ళ ఆ సంతతిదే.

స్టాటిన్ వేసిన కణాలు పెరగడం మానేస్తాయి. కొలెస్ట్రాల్ లేక అనుకుని కొలెస్ట్రాల్ పోసినా మళ్ళీ పెరగలేదు. మెవలోనేట్ ఇస్తేనే కోలుకున్నాయి. అంటే ఆ దారిలోంచి కొలెస్ట్రాల్ కాక ఇంకేదో కణానికి కావాలన్నమాట. సియాటిల్‌లో గ్లోమ్‌సెట్ బృందం రేడియోధార్మిక మెవలోనేట్ ఇచ్చి చూస్తే అది పోయి ప్రొటీన్లకు తగులుకుంది. ఇది 1984 మాట. 1989 వచ్చేసరికి రాస్ తోకకున్నది ఫార్నెసిల్ అని మూడు బృందాలు తేల్చేశాయి. మరుసటి ఏడే డల్లస్‌లో గోల్డ్‌స్టీన్, బ్రౌన్ బృందం ఆ కొవ్వును అతికించే ఎంజైమును ఎలుక మెదడు నుంచి వేరు చేసింది. కొలెస్ట్రాల్ మీద పనికి 1985లో నోబెల్ అందుకున్న జంట అది.

ఏమే బుజ్జీ, ఏదో అడగబోతున్నావు? ఆదివారం పొద్దున నేను వేసుకునే ఎముకల బిళ్ళా? పట్టేశావే. అదీ ఈ దారిలోదే. అలెండ్రోనేట్ 70 మిల్లీగ్రాములు, వారానికొకటి. పరగడుపున గ్లాసుడు మంచినీళ్ళతో మింగి, అరగంట సేపు నడుం వాల్చకుండా కూర్చోవాలి, లేకపోతే అన్నవాహిక ఒరుసుకుపోతుంది. కాఫీ కోసం నేను సణిగేది ఆ అరగంటే. మన ఎముకను ఒకవైపు కొన్ని కణాలు కొరికేస్తుంటాయి, ఇంకోవైపు కొన్ని కట్టేస్తుంటాయి. వయసు మీద పడ్డాక, ముఖ్యంగా ఆడవాళ్ళకు, కొరికేవాటిది పైచెయ్యి అవుతుంది. ఈ బిళ్ళలోని మందు పోయి ఎముకకు పడుతుంది. ఎముకను కొరికే కణం దానితో పాటు మందునూ మింగుతుంది. లోపల ఫార్నెసిల్ తయారీ ఆగిపోతుంది. పలుపులు కరువై దాని చిన్న చిన్న ప్రొటీన్లు పొర దగ్గర నిలవలేవు. కొరకడం ఆపి చచ్చిపోతుంది. ఈ మందు చాలా ఏళ్ళు వాడాక, 1990ల చివర్లో గానీ అది పనిచేసే తీరు ఇదని తెలియలేదు.

సరే, రాస్ దగ్గరికి వద్దాం. ఫార్నెసిల్ అతికించే ఎంజైమును ఆపేస్తే రాస్ పని అయిపోయినట్టే అనుకున్నారు. పెద్ద పెద్ద మందుల కంపెనీలన్నీ ఎగబడ్డాయి. 1990ల్లో ఏ జర్నల్ తెరిచినా అదే గోల. ఎలుకల్లో కణితులు కరిగిపోయాయి కూడా. మా ల్యాబులో కుర్రాళ్ళు ఇక కేన్సర్ కథ ముగిసిందని పందేలు కాసుకున్నారు.

ముగియలేదు. మనుషుల్లో ఎక్కువగా చెడేది హెచ్-రాస్ కాదు, దాని తోబుట్టువు కె-రాస్. ఫార్నెసిల్ దొరక్కపోతే అది 20 కార్బన్ల జెరనైల్‌జెరనైల్ పలుపు వేయించుకుని నిక్షేపంగా పొర దగ్గరికి చేరుతుంది. 1997కల్లా ఈ సంగతి బయటపడింది. క్లోమం కేన్సర్ రోగుల మీద జరిపిన పెద్ద పరీక్షలో టిపిఫార్నిబ్ అనే మందు ఆయుష్షు పెంచలేకపోయిందని 2004లో తేలింది. కోట్ల డాలర్లు పోసిన మందులు అటక మీదికి పోయాయి. లోనాఫార్నిబ్ అనేదీ అందులో ఒకటి. ఈ పేరు గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు ఇంకో ముచ్చట. 2009లో వచ్చిన 'పా' సినిమా మీకు తెలుసుగా, ఇళయరాజా సంగీతం. అమితాబ్ బచ్చన్ పన్నెండేళ్ళ పిల్లాడిగా వేశాడు, బట్టతల, పెద్ద తల, ముడతలు. ఆ జబ్బు కట్టుకథ కాదు. పేరు ప్రొజీరియా. 1886లో హచిన్‌సన్, ఆ తరవాత గిల్‌ఫోర్డ్ అనే ఇంగ్లండు వైద్యులు రాసిపెట్టిన జబ్బు. 40 లక్షల నుంచి 80 లక్షల కాన్పుల్లో ఒక బిడ్డకు వస్తుందని అంచనా. పుట్టినప్పుడు మామూలుగానే ఉంటారు. ఏడాది, రెండేళ్ళు వచ్చేసరికి ఎదుగుదల ఆగిపోతుంది. జుట్టు రాలుతుంది, చర్మం బిగుసుకుంటుంది, తల మీద నరాలు తేలతాయి. బుద్ధికి మాత్రం ఏ లోటూ ఉండదు. మందు లేని రోజుల్లో సగటున పద్నాలుగున్నర ఏళ్ళకు గుండెపోటుతోనో పక్షవాతంతోనో పోయేవారు.

అమెరికాలో లెస్లీ గార్డన్ అనే డాక్టరమ్మ ఉంది. ఆమె కొడుకు శామ్ బెర్న్స్‌కు రెండేళ్ళు నిండకముందే ఈ జబ్బని తెలిసింది. చికిత్స సంగతి అటుంచి, దీని మీద పరిశోధన చేసే దిక్కే లేదు. ఆవిడా, ఆవిడ భర్తా కలిసి 1999లో ప్రొజీరియా రీసెర్చ్ ఫౌండేషన్ పెట్టారు. నాలుగేళ్ళు తిరక్కుండా, 2003లో జన్యువు దొరికింది. అమెరికాలో ఫ్రాన్సిస్ కాలిన్స్ బృందం, ఫ్రాన్స్‌లో మార్సే బృందం దాదాపు ఒకేసారి పట్టుకున్నాయి. అది లామిన్-ఏ జన్యువు.

లామిన్ అంటే కణం నడుమ ఉండే కేంద్రకానికి లోపలి వైపు అల్లుకుని ఉండే ప్రొటీను. కేంద్రకం గుండ్రంగా, గట్టిగా నిలబడేది దానివల్లే. మన హైదరాబాదులో, సీసీఎంబీ అనే పరిశోధన సంస్థలో వీణా పర్నాయక్ గారు ఏళ్ళ తరబడి ఈ లామిన్ల మీదే పనిచేశారు.  కేంద్రకం గోడ పట్టుకుని ఇంత పనేమిటని అప్పట్లో నవ్వినవాళ్ళున్నారు. లామిన్ చెడితే కండరాల జబ్బులు, గుండె జబ్బులు, ఈ ప్రొజీరియా, ఇన్ని వస్తాయని తెలిశాక ఆ నవ్వులు ఆగాయి.

ఇక్కడ జాగ్రత్తగా వినండి. లామిన్-ఏ పుట్టినప్పుడు 664 అమైనో ఆమ్లాల పొడవుంటుంది. తోకకు ఫార్నెసిల్ పలుపు పడుతుంది, కేంద్రకం పొర దగ్గరికి చేరుతుంది. అక్కడికొచ్చాక ఆ పలుపుతో ఇక పని లేదు. ఒక ఎంజైము వచ్చి తోక కొసను, పలుపుతో సహా, కత్తిరించేస్తుంది. 646 మిగులుతాయి. అప్పుడది స్వేచ్ఛగా అల్లికలో కలిసిపోతుంది. ప్రొజీరియా పిల్లల్లో జన్యువులో 1824వ అక్షరం మారి ఉంటుంది. చిత్రమేమిటంటే, పాత అక్షరం ఉన్నా కొత్త అక్షరం ఉన్నా అక్కడ రావాల్సింది గ్లైసీనే. ప్రొటీను మారకూడదు. కానీ ఆ మార్పు వల్ల జన్యు సందేశాన్ని కత్తిరించి అతికే చోటు తప్పుతుంది, మధ్యలో 50 అమైనో ఆమ్లాలు ఎగిరిపోతాయి. పలుపు కోసే ఎంజైము కత్తి పెట్టాల్సిన చోటు ఆ 50లోనే ఉంది. ఇక పలుపు ఊడదు. జీవితాంతం పొరకు కట్టుబడి ఉండే ఆ చెడ్డ లామిన్‌ను ప్రొజీరిన్ అంటారు. అది పేరుకుపోయి కేంద్రకం బుడిపెలు తేలి వంకర్లు తిరుగుతుంది. ఆ కణాలు తొందరగా అలిసిపోతాయి. రక్తనాళాల గోడల్లో కణాలు ముందు దెబ్బతింటాయి.

పలుపు కోసే దారి లేకపోతే, పలుపే వెయ్యకుండా ఆపితే? అటక మీదున్న కేన్సర్ మందు అప్పుడు గుర్తొచ్చింది అందరికీ. 2005లో పళ్ళేల్లోని కణాలకు ఆ జాతి మందు వేస్తే వంకర కేంద్రకాలు మళ్ళీ గుండ్రబడ్డాయి. 2007లో బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో పరీక్ష మొదలైంది. ఇంత అరుదైన జబ్బు కదా, 16 దేశాల నుంచి పిల్లలు విమానాల్లో వచ్చారు. రెండేళ్ళు లోనాఫార్నిబ్ వాడిన 25 మంది పిల్లల ఫలితాలు 2012లో అచ్చయ్యాయి. కొందరిలో బరువు పెరిగే వేగం హెచ్చింది, రక్తనాళాల బిరుసు తగ్గింది. 2020 నవంబరులో అమెరికా ప్రభుత్వం మందుకు అనుమతిచ్చింది. ప్రొజీరియాకు మొట్టమొదటి మందు అదే. పరీక్షల లెక్క ప్రకారం సగటున రెండున్నరేళ్ళ ఆయుష్షు కలిసొచ్చింది. పద్నాలుగేళ్ళ బతుకులో రెండున్నరేళ్ళంటే ఎంతో మీరే లెక్కేసుకోండి.

శామ్ ఆ పరీక్షలో ఉన్నవాడే. బడి బ్యాండులో డ్రమ్ము వాయించాలని పట్టుబట్టి, తన ఒంటికి తగ్గ తేలికపాటి సాధనం చేయించుకుని వాయించాడు. 2014 జనవరిలో పదిహేడేళ్ళకు పోయాడు, మందుకు అనుమతి రావడానికి దాదాపు ఏడేళ్ళ ముందు. మందు జబ్బును నయం చెయ్యదు, నెమ్మదింపజేస్తుంది. అసలు అక్షరాన్నే సరిదిద్దే జన్యు చికిత్స 2021లో ఎలుకల్లో బాగా పనిచేసింది. మనుషుల దాకా రావాలి.

పలుపు ఊడకపోవడం ఒక్క ప్రొజీరియాలోనే కాదు. బ్యాటెన్ జబ్బుల్లో ఒకటుంది, పసిపిల్లలది. పాతబడ్డ ప్రొటీన్ల నుంచి పామిటిక్ పలుపు విప్పే ఎంజైము ఆ పిల్లల్లో ఉండదు. చెత్త పేరుకుపోయి మెదడు దెబ్బతింటుంది, చూపు పోతుంది. ఈ జన్యువును 1995లో ఫిన్లండువాళ్ళు గుర్తించారు.

ఇక పలుపు మొదలే లేకపోతే? దానికీ ఒక జబ్బుంది. కొందరికి పెద్దయ్యాక పొద్దున్నే మూత్రం కోలా రంగులో పోతుంది, ఒంట్లో రక్తం తగ్గిపోతుంది. దాని పొట్టి పేరు పీఎన్‌హెచ్. మన రక్తంలో సూక్ష్మజీవుల్ని చిల్లులు పొడిచి చంపే ప్రొటీన్లున్నాయి. అవి మన ఎర్రకణాల జోలికి రాకుండా సీడీ55, సీడీ59 అనే రెండు ప్రొటీన్లు కాపలా కాస్తాయి. ఆ రెండూ కణం పైన జీపీఐ పలుపుతో కట్టి ఉంటాయి. మజ్జలోని ఒక మూలకణంలో ఆ పలుపు పేనే జన్యువు చెడిందంటే దాని సంతతి అంతా కాపలా లేకుండానే పుడుతుంది. కాపలాదారు ప్రొటీన్లలో ఏ దోషమూ లేదు, నిలబడే చోటే లేదు. 1993లో ఒసాకాలో కినోషితా బృందం ఆ జన్యువును కనిపెట్టింది. 2007లో దీనికి సూదిమందు వచ్చింది గానీ ఖరీదు మాత్రం ఆకాశంలో ఉంటుంది.

మరి రాస్ ఏమైందంటావా చిన్నా? నలభై ఏళ్ళు లొంగని కె-రాస్‌లో ఒక రకానికి నేరుగా దాన్నే పట్టే మందు సోటోరాసిబ్‌కు 2021లో అనుమతి దొరికింది. ఓడిపోయిన టిపిఫార్నిబ్ కూడా మళ్ళీ తలెత్తింది. హెచ్-రాస్‌కు ఫార్నెసిల్ తప్ప ఇంకో పలుపు పట్టదు కదా. అందుకని హెచ్-రాస్ చెడిన తల, మెడ కేన్సర్లలో దాన్ని పరీక్షిస్తే కొందరికి కణితులు కరిగాయి. మందు పాతదే, సరైన రోగిని వెతకడం కొత్త.

ఇన్నేళ్ళు ల్యాబులో గాజు పలకలు తోమి నేను నేర్చుకున్నది ఇది. ప్రొటీను మంచిదా చెడ్డదా అని చూస్తే చాలదు, అది ఎక్కడ నిలబడిందో చూడాలి. సార్క్ కదలకుండా నిలబడితే కేన్సర్, లామిన్ కదలలేకపోతే ప్రొజీరియా, కాపలా ప్రొటీను నిలబడలేకపోతే రక్తహీనత. ఇంకోటి, ఈస్టుల పెళ్ళి, బూజు రసం, కోళ్ళ కణితి, కేంద్రకం గోడ, వీటిలో ఏ ఒక్కటి దండగని మానేసినా ఆ పిల్లలకు మందు దొరికేది కాదు. ఎవరైనా పరిశోధన చేస్తానంటే ఇదెందుకు పనికొస్తుందని మొదటిరోజే నిలదీయకండి.

ఇవన్నీ విని రేపు తాతయ్య స్టాటిన్ బిళ్ళ గానీ నా ఎముకల బిళ్ళ గానీ దాచిపెట్టేరు. రోజూ మింగే మోతాదులో అవి మన ఒంట్లో పలుపులన్నీ తెంపేవి కావు. మొదలుపెట్టినా మానినా డాక్టరు చెప్పాలి.

చివరిగా ఒక మాట, ఇది ఊళ్ళో నలుగురికీ చెప్పండి. ఎదుగుదల ఆగి, జుట్టు రాలి, ముసలి మొహం పడిన పసిబిడ్డ ఎక్కడైనా కనిపిస్తే ఫోన్లలో వీడియో తీసి నలుగురికీ పంపకండి. దేవుడి అవతారమని దండలు వెయ్యకండి, పూర్వజన్మ పాపమనీ అనకండి. ప్రొజీరియా తల్లి తప్పూ కాదు, తండ్రి తప్పూ కాదు. దాదాపు ప్రతిసారీ అది ఆ బిడ్డలోనే కొత్తగా వచ్చిన అక్షరదోషం. జన్యు వైద్యుల దగ్గరికి తీసుకెళ్ళమని ఆ తల్లిదండ్రులకు చెప్పండి. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో అందుకోసమే మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. బోస్టన్ దగ్గరి ఆ ఫౌండేషన్ జన్యు పరీక్షకు తల్లిదండ్రుల దగ్గర డబ్బు తీసుకోదు. మందు వచ్చింది కాబట్టి, ఇక ఆ బిడ్డను గుర్తుపట్టాల్సింది మనమే.